చెవిన పడని కబురు

పదకొండేండ్లు అయ్యప్ప మాల ఏసుకున్న. పదకొండు సార్లు తీసిన. తీసిన ప్రతిసారి గుడి మెట్లు దిగి సీద కల్లు కంపౌండుకే పోయిన. నడుమ ఇంటికి సుత పోలే.

నా తమ్ముడు మల్లప్ప ముడిమ్యాలల అందరికి చెప్పి నవ్వేటోడు. "మా అన్న కాడ అయ్యప్ప కిరాయికి ఉంటడు. నలభై ఒక్క రోజులు. గడువు కాంగనే దేవుడు ఖాళీ చేస్తడు, పాత కిరాయిదారు మల్ల దిగుతడు."

నవ్వినోళ్లల్ల నేను సుత ఉంటుంటి.

మేం తాగింది చెట్టు మీది కల్లు అనుకోకుండ్రి. అది మా చిన్నప్పుడే అయిపోయింది. ఇది సీసాలల్ల వచ్చేది. అండ్ల మత్తుమందు కలిపేటోళ్లు. రెండు పూటలు తాగకుంటే చేతులు వణుకుతయి, మెడ ఒక దిక్కు గుంజుకపోతది, లేని మనుషులు కనవడుతరు. మాల ఏసుకున్న మొదటి పది రోజులు ఏటా నాకు గదే నరకం. పదకొండో రోజు జర నిద్ర పట్టేది. ఇరవయ్యో రోజుకు బువ్వ రుచి తెలిసేది. నలభయ్యో రోజుకు మనిషినయ్యేటోన్ని. నలభై రెండో రోజు మల్ల మొదటికే.

హైదరాబాదుల సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేసినంక మా దిక్కు భూములు కొనేటోళ్లు కార్లేసుకొని వచ్చిండ్రు. అన్నదమ్ములిద్దరం అమ్మినం. ఆ పైసలు ఎటు పోయినయని ఇప్పటికీ అడుగుతరు. గొంతులకెళ్లి పోయినయి. దాని గురించి ఇంతకన్న చెప్పేది లేదు.

భూమి పోయినంక నేను కనకమామిడిల ధనరాజ్ సారు ఫామ్‌హౌసుకు వాచ్‌మన్‌గ కుదిరిన. సారు సాఫ్ట్‌వేర్ కంపెనీల పెద్ద నౌకరి చేస్తడు. ఐతారం వస్తడు, మాపటికి పోతడు. గేటు పక్కన ఒక అర్ర ఇచ్చిండు. నేను, నా భార్య ముత్తమ్మ అండ్ల ఉంటం. గడ్డికి నీళ్లు పెట్టుడు, మామిడి చెట్లు చూసుకునుడు, గేటు తీసుడు, ఏసుడు. అది నా పని.

పన్నెండో ఏడు సుత మాల ఏసుకున్న. కొండకు పోయిన, వచ్చిన. చేవెళ్ల గుడిల మా గురుస్వామి రామచంద్రయ్య ఒక్కొక్కల మెడలకెళ్లి మాల తీస్తున్నడు. నేను వరసల నాలుగో మనిషిని. ముందలోని మెడ ఖాళీ అయింది. ఆడు చెప్పులేసుకొని, అంగి గుండీలు పెట్టుకొని, రోడ్డు దాటిండు. రోడ్డు అవతల ఏమున్నదో చేవెళ్లల ఎవల్నడిగినా చెప్తరు.

నాకు అరవై రెండేండ్లు. తాగుడంటే యాష్టకొచ్చింది. తాగకుండ ఉండుడంటే భయం. నా వంతు రాంగనే ఒక మాట నోట్లకెళ్లి అదే వచ్చింది.

"గురుస్వామీ, నాకు ఇక్కడ తియ్యకుండ్రి. ఇంటికాడ మా అమ్మ చేతులతోటి తీయించుకుంట."

తల్లి చేతులతోటి తీయించుకునే రివాజు ఉన్నది. రామచంద్రయ్య నా మొఖం దిక్కు జర సేపు చూసిండు. "మంచిది సామీ," అని ఎనుకోన్ని పిలిచిండు.

మా అమ్మ సచ్చిపోయి పద్నాలుగేండ్లు.

ఇంటికి వచ్చి ముత్తమ్మకు ఇంకో అబద్ధం చెప్పిన. "గురుస్వామి ఇంకొక నలభై ఒక్క రోజులు ఉంచుమన్నడు. ఏదో దోషం ఉన్నదంట."

"ఏం దోషం?"

"ఏందో."

ముత్తమ్మ ఇంకేం అడగలే. మాల మెడల పెట్టుకొని రెండు అబద్ధాలాడిన. దేవుడు ఏమనుకున్నడో తెల్వది.

ఆ నలభై ఒకటి అయిపోయినయి. శివరాత్రి పోయింది. మామిడి పూత పిందె పట్టింది. నేను తియ్యలే. నల్ల బట్టలు ఎండకు తెల్లగైనయి. చెప్పులు లేక మడిమెలు పలిగినయి. చాప మీద పండి పండి నడుము పట్టుకున్నది. తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుంటే ఎముకల దాక దిగేది. అయినా తియ్యలే.

ఎందుకంటే మాల ఉన్నోనికి ఎవ్వరు గిలాస అందియ్యరు. గదే నాకు కావాల్సింది. ఐతారం నాడు సారు దోస్తులు వస్తరు, సీసాలు తెస్తరు. మొదట్ల నన్నే పిలిచి ఐసు తెమ్మనేటోళ్లు, మిగిలింది నాకే ఇచ్చేటోళ్లు. మాల చూసినంక సారు చెట్ల ఎనుకకు పోయి కూసునేటోడు. "స్వామి ఉన్నడు, మనం అటు పోదాం" అనేటోడు. ఒకనాడు ఆయన దోస్తు ఒకడు నవ్విండు.

"ధనరాజ్, మీ వాచ్‌మన్‌కు దేవుడు ఎక్స్‌టెన్షన్ ఇచ్చిండారా? మన ప్రాజెక్టు లెక్కనే ఉన్నది, డెడ్‌లైన్ అయిపోదు."

సారు సుత నవ్విండు. నేను పైపు పట్టుకొని నీళ్లు పెట్టిన. నా బతుకుల నేనెన్నడు నోటితోటి వద్దు అనలే. నా తరఫున మాలనే అనేది.

కష్టం ముత్తమ్మకు. స్వామికి వండాల్నంటే ఆమె సుత తెల్లారకముందే తానం చెయ్యాలె. అర్ర కడగాలె. మడితోటి వండాలె. నన్ను ముట్టొద్దు, నా చాప తొక్కొద్దు. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఒకనాడు పొయ్యి ముందట కూసొని, నన్ను కాదు, పొయ్యినే తిట్టింది.

"నలభై ఒకటంటే నలభై ఒకటి ఉండాలె. దేవునికి సుత యాష్ట రావొద్దా? ఈ చన్నీళ్లకు ముందుగాల నేనే పోత కొండకు."

నేను ఇన్న. ఇననట్టు ఉన్న. తెల్లారి ఆమె మల్ల లేసింది.

మల్లప్ప వచ్చింది గా రోజులల్లనే. పట్టపగలు. గేటు సందులకెళ్లి రెండు చేతులు లోపలికి పెట్టి ఊసలు పట్టుకొని నిలవడ్డడు. కాళ్లు ఉబ్బినయి. కండ్లు పసుపు. వాసన నేనున్న కాడికి వచ్చింది. ఆ వాసన నాకు మా అమ్మ చీర వాసన కన్న ఎక్కువ ఎరుక.

"అన్నా, జర గేటు తియ్యి."

"తాగి ఉన్నవు. నేను మాల మీద ఉన్న. దూరం ఉండు."

"ఇంక ఉన్నవానే! అయ్యప్పకు అర్ర అమ్మినవా ఏంది? కిరాయి అంటిని గదా నేను."

నేను నవ్వలే. ఆడే నవ్వి దగ్గిండు.

"తాగెటందుకు రాలే అన్నా. ఊకె వచ్చిన. జర సేపు కూసొని పోత."

"ఆడ్నే కూసో."

గేటు అవతల మట్టిల కూసున్నడు. నీళ్ల సీసా ఊసల నడిమిట్లకెళ్లి ఇచ్చిన. చెయ్యి తాకకుండ ఇచ్చిన. సగం తాగి సగం మొఖం మీద పోసుకున్నడు. మాకు కల్లు లేకుంటే ముచ్చట రాదు. ఒక గంట అట్లనే కూసొని లేసిండు.

"మాల ఉండనియ్యి అన్నా. మంచిగున్నవ్," అని పోయిండు.

మాల మీద ఉండి తాగినోన్ని రానియ్యొద్దన్నది నిజమే. కాని నేను గేటు తియ్యంది అందుకు కాదు. ఆడు లోపలికి వస్తే, ఆ వాసన లోపలికి వస్తే, ఆని ఎంబడి నేను బయటికి పోత. ఆ భయానికి తియ్యలే.

తొమ్మిది రోజులకు, పొద్దు జర ఎక్కినంక, తెల్ల క్వాలిస్ బండి వచ్చి గేటు ముందట ఆగింది. అది మల్లప్ప కొడుకు ఎల్లేశ్‌ది. మాదాపూర్ల కంపెనీ మనుషులను దించి వస్తడు. పెండ్లాం పిల్లలు ఉన్నోడు. ఏనాడొచ్చినా హారన్ కొట్టి "పెద్దబాపూ" అని కేకేసేటోడు. ఇయ్యాల హారన్ కొట్టలే. నన్ను చూసిండు, తల దించుకున్నడు. బట్టలు పిండుతున్న ముత్తమ్మను చేయి ఊపి పిలిచిండు.

మాల మీద ఉన్నోనికి చావు కబురు సీద చెప్పరు. ముందు ఇంటోళ్లకు చెప్తరు. అయినోడు పోతే మాల ఉండొద్దు, ఆ మాట చెవిన పడ్డ గడియకే తియ్యాలె. చెవిన పడేదాక మైల లేదు.

నేను మామిడి చెట్ల కాడ పైపు పట్టుకొని నిలవడ్డ. ముత్తమ్మ గేటు దాటి పోయింది. ఎల్లేశ్ నోరు కదులుతున్నది. ముత్తమ్మ చెయ్యి నోటికి పోయింది. కొంగు నోట్ల కుక్కుకున్నది.

నాకు తెలిసింది. ఇంకేం తెల్వాలె?

అయినా పైపు మూతిని బొటనవేలితోటి నొక్కిన. నీళ్లు సప్పుడు చేసుకుంట దూరం పడ్డయి. సప్పుడు ఎక్కువుంటే ఏం ఇనవడదు. ఇనకుంటే మాల ఉంటది. మాల ఉంటే ఇయ్యాల తాగే గండం తప్పుతది. గిదే నాకు వచ్చిన ఆలోచన. ఒక తల్లి కడుపున పుట్టినోడు పోయిండంటే మొదట వచ్చిన ఆలోచన గిది.

ముత్తమ్మ వచ్చి నా ఎనుక నిలవడ్డది.

"నేను ముడిమ్యాల పోతున్న."

నేను చెట్టు మొదలు దిక్కు చూస్తున్న.

"ఎందుకని అడగవా?"

అడగలే.

"నువ్వు అడుగుతెనే చెప్త. లేకుంటే చెప్ప."

నీళ్లు చెట్టు మొదట్ల నిండి దారికి పారుతున్నయి. ముత్తమ్మ పోయి నల్లా బందు చేసింది. సప్పుడు ఆగింది. ఇప్పుడన్న అడుగుతనేమోనని నిలవడ్డది. అడగలే. ఆమె చెప్పులేసుకొని పోయి క్వాలిస్ల కూసున్నది. బండి పోయింది.

ఉత్త పైపు పట్టుకొని ఎంత సేపు నిలవడ్డనో. గేటు కాడికి పోయిన. అవతల మట్టిల ఏం లేదు. ఆడు కూసున్న జాగ ఇదీ అని చెప్పెటందుకు సుత ఏం లేదు. తొమ్మిది రోజుల కింద ఒక గేటు తియ్యలే. ఇయ్యాల రెండు చెవులు తియ్యలే. రేపు ఇంకేం తియ్యకుండ ఉండాల్నో అనిపించింది. ఇట్ల కాసుకుంట బతుకుడు నాతోటి అయితలేదు.

గేటుకు తాళమేసి రోడ్డెక్కిన.

చేవెళ్లల రామచంద్రయ్యది బస్టాండు ఎనుక ఇస్త్రీ దుకాణం. ఆటో దిగి ఉత్త కాళ్లతోటి తారు మీద నడిచి పోయెవరకు అరికాళ్లు కాలినయి. ఆయన ఒక అంగి మీద నీళ్లు జల్లుతున్నడు.

"ఏం సామీ, ఇంక తియ్యలే?"

"తియ్యలే."

"మీ అమ్మ తీస్తదంటివి గద."

"మా అమ్మ సచ్చిపోయింది. పద్నాలుగేండ్లాయె."

"నాకెరుకే. బొంద కాడికి నేను సుత వచ్చిన. నీకు యాది లేదు, నువ్వు ఆనాడు సోయిల లేవు."

నేను గడప మీద కూలవడ్డ. ఆయన ఇస్త్రీ పెట్టె అంగి మీద ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పిండు.

"మరి గుడికాడ ఎందుకు అనలే?" అని అడిగిన.

"ఏమనాలె? మాల మీద అబద్ధాలాడేటోళ్లను శాన మందిని చూసిన. అందరు తాగెటందుకు ఆడుతరు. తాగకుండ ఉండెటందుకు ఆడినోన్ని నిన్నే చూసిన. ఏమనాల్నో నాకు తోచలే." అంగి మడత పెట్టిండు. "మీ ఆమె సుత వచ్చింది."

"ముత్తమ్మనా? ఎప్పుడు?"

"శివరాత్రికి ముందట. దోషం ఏంది సామీ అని అడిగింది. దోషం లేదు ఏం లేదు, నీ మొగడు అబద్ధమాడిండు అన్న. నువ్వు కూసున్న కాడ్నే కూసున్నది. పిలిపించి తీపియ్యాల్నా అన్న. వద్దు సామీ, ఉండనియ్యి అన్నది. పొద్దుగాల్ల లేసుడే గద, నేను లేస్త అన్నది."

రెండు నెలలు ఆమె ఉత్తుత్త మాలకు చన్నీళ్లు పోసుకున్నది. ఉత్తుత్త మాలని తెలిసి పోసుకున్నది. పొయ్యిని తిట్టింది గాని నన్ను ఒక్క మాట అనలే.

"సామీ," అన్న. "మా తమ్ముడు పోయిండు."

ఆయన చెయ్యి ఆగింది. "మల్లప్పనా? ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. నేనే చెప్తున్న."

నా మాటే నా చెవిన పడ్డది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన చేతులు కడుక్కొని వచ్చిండు. శరణు చెప్పి మాల తీసిండు, గుడ్డల చుట్టి దేవుని పటం కాడ పెట్టిండు. మెడ మీద గాలి తాకింది.

"నాకు భయమైతున్నది సామీ. ఆడ అందరు తాగుతరు. కాటికాడికెళ్లి వచ్చినంక పోస్తరు. నేను పెద్దోన్ని."

"భయం ఉండాలె. నాకు ఇరవై రెండేండ్ల సంది ఉన్నది."

"నీకా?"

ఆయన దండెం మీదికెళ్లి ఒక తెల్ల అంగి తీసిండు. "ఇది ఏసుకో. మాస్టరుది, రేపు తెచ్చియ్యాలె. నా చెప్పులు తొడుక్కో. పో, ఎండకు పీనుగు ఆగదు."

ముడిమ్యాలల డప్పు కొడుతున్నరు. నేను పోంగనే జాగ ఇచ్చిండ్రు. మల్లప్పను వాకిట్ల పండబెట్టిండ్రు. ఉబ్బిన కాళ్లు గుడ్డ కిందికెళ్లి కనవడుతున్నయి. నా మరదలు నీలవేణి నన్ను చూసి రాగం పెట్టి ఏడిచింది. జర సేపటికి ఊకొని ముక్కు తుడుసుకొని అన్నది.

"మొన్న నీ కాడికెళ్లి వచ్చిన్నాడు ఎంత సంబురపడ్డడో బావా. మా అన్న మంచిగున్నడు, కూసొని ముచ్చట చెప్పిండు, నీళ్లిచ్చిండు అన్నడు."

అన్న గేటు తియ్యలేదని ఆడు చెప్పలే. ఇంట్ల పెండ్లానికి సుత చెప్పలే.

పాడె ఎత్తినం. ఒక మూల నా భుజం మీద. నడిదారిల దింపుడు కల్లం కాడ దించిండ్రు. ఆడ అయినోళ్లు సచ్చినోని చెవుల పేరు పెట్టి మూడు సార్లు పిలువాలె. పానం ఇంకేడనన్న ఉంటే పలుకుతడని. ఎల్లేశ్ పిలిచిండు. "పెద్దోడు సుత పిలువాలె" అన్నరు. ఆని చెవి కాడ వంగిన. ఆ వాసన లేదు. పసుపు వాసన, కొత్త గుడ్డ వాసన.

"మల్లప్పా. మల్లప్పా. లోపలికి రా, మల్లప్పా."

మూడోసారి ఆ మాట ఎట్లొచ్చిందో. పక్కనోళ్లకు సమజ్ కాలే. ఒకడు "ఏమంటున్నడు ఈయన?" అన్నడు. ఇంకొకడు "ఊకోరా" అన్నడు.

బొంద పూడ్సినం. మూడు పిడికిళ్ల మట్టి ఏసిన. బోరు కాడ అందరం నెత్తి మీద నీళ్లు పోసుకున్నం. తడి బట్టలతోటి యాపచెట్టు కింద కూసున్నం. పొద్దు ఇంక ఉన్నది. కల్లు క్యాను వచ్చింది.

కాటికాడికెళ్లి వచ్చినోళ్లకు పోసుడు మా దిక్కు రివాజు. పెద్దోడు ముట్టినంకనే తక్కినోళ్లు ముడుతరు. పోసేటోడు మైసయ్య. నాకు బామ్మర్ది వరస. నలభై ఏండ్లు మేం ముగ్గురం ఒక్క దగ్గర కూసున్నోళ్లం, మల్లప్ప, ఆడు, నేను. ప్లాస్టిక్ గిలాస నిండ పోసి నురుగు ఊది నాకు అందిచ్చిండు.

"పట్టు బావా."

నా చెయ్యి లేసింది. అబద్ధం చెప్ప, నా చెయ్యి దానంతట అదే లేసింది. సగం దాక పోయింది. వాసన వచ్చింది. నోట్ల నీళ్లూరినయి. తమ్మున్ని ఇప్పుడే మట్టిల పెట్టి వచ్చిన నోట్ల నీళ్లూరినయి.

"వద్దు," అన్న.

"ఏంది?"

"నేను తాగ."

"మాల తీసినవు గదనే!"

"తీసిన."

"మరి?"

మరి అంటే నా కాడ చెప్పెటందుకు ఏం లేదు. దేవుని పేరు లేదు, ఒట్టు లేదు, డాక్టరు మాట సుత లేదు. మెడ మీద చెయ్యి పోయింది. మెడ ఉత్తగున్నది.

"మరి ఏం లేదు. తాగ."

మైసయ్యకు కోపమొచ్చింది. "తమ్ముడు పోయిండు. ఆని పేరు మీద ఒక్క గుక్క తాగవా? నువ్వు లేకుంటే ఆనికి గొంతు దిగకపోయేది. పెద్ద సాఫ్ట్‌వేరోళ్ల గేటు కాడ ఉండంగనే మా కల్లు పుల్లగైందా?"

నలుగురు నవ్విండ్రు.

"ఆనితోటి నలభై ఏండ్లు తాగిన," అన్న. "మొదటి గిలాస ఆనికి నేనే ఇచ్చిన. ఆడు వద్దన్నడు. అప్పుడు ఆనికి పదహారేండ్లు. మొగోనివి కావా అని నేనే పట్టిచ్చిన. నువ్వు సుత ఉన్నవు మైసయ్యా, ఆనాడు. యాది చేసుకో."

మైసయ్య చేతిల గిలాస అట్లనే ఉన్నది. ఇగ తన్నుకుంటరా, నన్ను లేసి పొమ్మంటరా అని చూసిన.

ఆ మూలకెళ్లి మా చిన్నాయన గొంతు సవరించుకున్నడు. ఎనభై దాటినోడు, నోట్ల పన్ను లేదు.

"ఓ మైసయ్యా, పెద్దోడు ముట్టాల్నంటే వాని కన్న పెద్దోన్ని నేనున్న. ఇటు పట్కరా. నురుగు సస్తున్నది."

మల్ల నవ్విండ్రు. మైసయ్య సుత నవ్విండు. గిలాస అటు పోయింది. క్యాను తిరిగింది. అయిదు నిమిషాలల్ల మల్లప్ప ముచ్చట్లల్ల పడ్డరు. జోకులు ఎట్ల ఏసేటోడు, ఎవన్ని ఎట్ల ఎక్కిరిచ్చేటోడు. ఎల్లేశ్ తాగిండు. నేను వానికి ఏం చెప్పలే. ఇయ్యాల నాకు చెప్పుకునుడే సాలయింది.

గింతేనా అనిపించింది. ఒక్క మాట కోసం పన్నెండేండ్లు కొండలెక్కిన. ఐదు నెలలు ముత్తమ్మ మోకాళ్లు అరగదీసిన. తమ్మున్ని మట్టిల కూసోబెట్టిన. ఆ మాట అంటే ఏమైంది? నలుగురు నవ్విండ్రు, మరిచిండ్రు. కాని చేతులు చంకల కింద పెట్టుకున్న. రేపు ఇంకొకడు అందిస్తడు. ఐతారం సారు దోస్తులు అందిస్తరు, మెడల మాల లేదని చూస్తరు గద. ప్రతిసారి ఈ నోటితోటే అనాలె. తలుసుకుంటెనే పానం అలసిపోయింది. అయినా సచ్చేదాక అనాలె.

లేసి ఆడోళ్లున్న దిక్కు పోయిన. ముత్తమ్మ గోడకు ఒరిగి కూసున్నది. నా మెడ చూసింది. దగ్గరికి వచ్చి మొఖంల మొఖం పెట్టి ఊపిరి గుంజింది. ముప్పై ఐదేండ్ల సంది నేను ఇంటికి రాంగనే ఆమె చేసే పని అది. వాసన చూసి, ఏం అనకుండ బువ్వ పెట్టేది. ఇయ్యాల మల్లొకసారి గుంజింది.

"తాగలే," అన్న.

"ఊ," అన్నది. "పోదామా? కాళ్లు గుంజుతున్నయి."

చేవెళ్లల ఆటో మారినం. ఏడు సీట్ల ఆటో. ఎనుక సీట్ల ఇద్దరమే. పొద్దు గూట్ల పడుతున్నది. ఆటోల గాని బస్సుల గాని ఎక్కితే ముత్తమ్మ నా అంగి కాలర్ ఎనుకకెళ్లి పిడికిట్ల పట్టుకొని కూసుంటది. నేను తాగి రోడ్డు మీద పడకుండ. నిద్రొచ్చినా పోకపోయేది. నేను నోరు తెరుసుకొని పండుకుంటే ఆమె కండ్లు తెరుసుకొని పట్టుకొని కూసునేది. ఇయ్యాల సుత ఎక్కంగనే కాలర్ పట్టుకున్నది. అలవాటు.

ఊరు దాటినంక పిడికిలి ఒదులైంది. చెయ్యి నా ఈపు మీదికెళ్లి జారి ఒళ్లె పడ్డది. తల నా భుజం మీద ఆనింది. ఐదు నెలలు నన్ను ముట్టలే ఆమె. చూస్తే నిద్రపోయింది. చిన్నగ గురక వస్తున్నది. నేను కదలకుండ కూసున్న. ఒక చెయ్యి ఆమె చుట్టు ఏసి, ఆటో కడ్డీ పట్టుకున్న. గుంతలు వచ్చినప్పుడల్ల గట్టిగ పట్టుకున్న.

కనకమామిడి కాడ ఆటో ఆగింది.

"పెద్దాయనా, దిగుండ్రి. కనకమామిడి."

"పోనియ్యి."

"ఇక్కడే అంటిరి గద?"

"మొయినాబాద్ దాక పోనియ్యి. మల్ల ఇదే ఆటోల తిరిగొస్తం."

డ్రైవరు ఎనుకకు తిరిగి చూసిండు. "ఆడ ఏం పనున్నది?"

"ఏం పని లేదు. ఈమె పండుకున్నది."